ముందుగాల మాట దాచుకుందం, తర్వాతనే మెషిన్ కొందం

కొన్నేండ్ల కింద మా దిక్కు ఒక ఊర్ల గని కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన్రు. షామియానా కింద మూడు గంటలు ఊరోళ్లు మాట్లాడిన్రు. మేం రెండు కెమెరాలు పెట్టి అంత తీసినం. ఒక ముసలవ్వ మైకు పట్టుకొని చాన సేపు ఏం మాట్లాడకుండ నిలబడ్డది. తర్వాత మెల్లగ అన్నది: "ఇది నాకు కాయితం కాదు బిడ్డా, నా పెనిమిటిని బొందవెట్టిన జాగ."

అప్పుడు మాకు ఎడిటింగ్ రాకపోతుండె. గంటకింత అని తీసుకునే ఒక స్టూడియోకు ఇచ్చినం. ఎనిమిది నిమిషాల వీడియో చేసిచ్చిన్రు. అవ్వ మాట్లాడకుండ నిలబడ్డ సేపు ఉత్తగనే ఉన్నదని కోసేసిన్రు. కింద వేసిన అక్షరాలల్ల "బొందవెట్టిన జాగ" కాస్త "సమాధి చేసిన స్థలం" అయింది. పాణం చివుక్కుమన్నది. అసలు ఫుటేజీ మన దగ్గర్నే ఉన్నది కదా, మళ్ల చేసుకుందమనుకున్నం. ఆ ఫుటేజీ ఒక్కటే హార్డ్ డిస్క్‌ల ఉండె. బస్సు దిగేటప్పుడు అది చేతిల నుంచి జారి కింద పడ్డది. ఇంటికొచ్చి పెడితే టక్కు టక్కుమని కొట్టుకొని ఆగిపోయింది. రెండేండ్లకు అవ్వ సుత పోయింది. స్టూడియో కోసి మిగిల్చినదే ఇయ్యాల ఆమె మాట.

గప్పటి సంది నేను ఎడిటింగ్ నేర్చుకున్న. ఏ కోర్సు చేయలే. చెడగొట్టుకుంట, అడుక్కుంట నేర్చుకున్న. ఇప్పుడు ఊర్ల నుంచి పిలగాండ్లు ఫోన్ చేసి "అన్నా, హెచ్‌డీ వీడియో ఎడిటింగ్‌కు ఏ కంప్యూటర్ కొనాలె?" అని అడుగుతరు. దుకాణపాయన రాసిచ్చిన కొటేషన్ పంపుతరు. అండ్ల పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ ఉంటది, రంగు లైట్ల డబ్బా ఉంటది. రెండో డిస్క్ ఉండది, మంచి హెడ్‌ఫోన్ ఉండది, యూపీఎస్ ఉండది. అందుకే ఈ ముచ్చట రాస్తున్న.

హెచ్‌డీ అంటే ఎంత బరువు?

పాత టీవీ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. ఫుల్ హెచ్‌డీ 1920 అడ్డం, 1080 నిలువు. గుణించి చూడున్రి, సరిగ్గ ఐదింతలు. ఆ బరువంత ముందుగాల పడేది డిస్క్ మీదనే.

లెక్క అల్కగనే ఉంటది. కెమెరా సెకనుకు ఎన్ని మెగాబిట్లు రాస్తదో చూసి, దాన్ని 8తోని భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీలో వస్తది. ఫోన్ 20 మెగాబిట్లల్ల తీస్తే సెకనుకు 2.5 ఎంబీ, అంటే గంటకు 9 జీబీ. కెమెరా 50 మెగాబిట్లల్ల తీస్తే గంటకు 22.5 జీబీ. రెండు కెమెరాలు, మూడు గంటల సభ అంటే 135 జీబీ. రెండు కాపీలు పెడితే 270. ఏడాదికి ఎన్ని సభలు తీస్తరో లెక్కేసుకొని, ఆ తర్వాతనే దుకాణానికి పోవాలె.

కంప్యూటర్ ఎందుకు ఆగాగి నడుస్తది?

"అన్నా, సినిమా మంచిగ నడుస్తది గని ఎడిటింగ్‌ల పెడితే పట్టేస్తది" అంటరు. కారణమున్నది. ఫోన్లు, చిన్న కెమెరాలు హెచ్.264 అనే తీరుల వీడియోను కుదించి రాస్తయి. ఒక బొమ్మను పూరాగ రాసి, దాని తర్వాతి బొమ్మలల్ల మారిన ముక్కలనే రాస్తయి. వరుసగ చూస్తే ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌ల మనం నడుమకు దుంకుతం, ఎనుకకు వస్తం. దుంకినప్పుడల్ల కంప్యూటర్ ముందటి పూరా బొమ్మ కాడికి పోయి, ఒక్కొక్క ముక్క అతికించుకుంట రావాలె. అలిసిపోయేది అందుకే.

దీనికి పైసల్లేని మందు ప్రాక్సీ. అసలు వీడియోకు చిన్న సైజుల తేలికైన నకలు చేసి, కోతలన్ని ఆ నకలు మీద కోస్తం. ఆఖరికి బయటికి తీసేటప్పుడు సాఫ్ట్‌వేర్ అసలు ఫైలును పట్టుకుంటది. కెడెన్‌లైవ్‌ల, డావిన్సీ రిజాల్వ్‌ల రెండిట్ల ఈ వసతి ఉన్నది. పాత కంప్యూటర్ మీద సుత హెచ్‌డీ పని దీనితోనే నడుస్తది. కొత్తది కొనేముందు ఒకసారి చేసి చూడున్రి.

కొనాల్నంటే ఏం కొనాలె?

ర్యామ్ 16 జీబీకి తక్కువ వద్దు, చేతనైతే 32. ప్రాసెసర్ ఆరు కోర్లదైతే హెచ్‌డీకి సరిపోతది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ తీసుకుంటే ఒకటి చూసుకోవాలె. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నదాంట్ల లోపలి గ్రాఫిక్స్ ఉండది. ఆ లోపలి గ్రాఫిక్స్‌లనే హెచ్.264ను విప్పే క్విక్ సింక్ ఉంటది. కొన్ని పైసలు తక్కువని ఎఫ్ తీసుకుంటే ఆ బలం పోతది.

గ్రాఫిక్స్ కార్డ్ మాట సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటది. రిజాల్వ్ ఎక్కువ దాని మీదనే ఆధారపడ్డది. కెడెన్‌లైవ్ ఎక్కువ ప్రాసెసర్ మీద నడుస్తది, పూరా ఉచితం, లైనక్స్ మీద సుత నడుస్తది. సభలు, ముఖాముఖిలు కోసుకునే పనికి కెడెన్‌లైవ్ చాలు. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ జోలికి పోకున్రి. దానెంట వైరస్ వస్తే ఊరోళ్ల మాటలన్ని పోతయి.

డిస్కులు మూడు. సిస్టమ్‌కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ. నడుస్తున్న పనికి ఇంకొక ఎస్‌ఎస్‌డీ. దాచిపెట్టేటందుకు పెద్ద హార్డ్ డిస్క్. హార్డ్ డిస్క్ మీదనే ఎడిటింగ్ ఎందుకు వద్దంటే, దాని వేగం తక్కువని కాదు. సెకనుకు 100 ఎంబీ పైననే ఇస్తది, మనకు కావాల్సింది పదో ఇరవయ్యో. గని లోపల తిరిగే పళ్లెం మీద ఒకటే సూది అటుఇటు పోవాలె. రెండు కెమెరాలు, వేరే ధ్వని ఒక్కసారి అడిగితే ఆ సూది దుంకులాటకే టైమంత పోతది. ఎస్‌ఎస్‌డీల సూదే లేదు.

స్క్రీన్ ఐపీఎస్ రకందైతే పక్కకు కూసున్నోళ్లకు సుత రంగు మారకుండ కనిపిస్తది. కిటికీ ఎలుగు దాని మీద పడకుండ టేబుల్ మర్లేయాలె. కరెంటు ఎప్పుడు పోతదో ఎరుకలేని ఊర్లల్ల యూపీఎస్ తప్పదు. పని సేవ్ చేసి బంద్ చేసేటంత సేపు ఆగితే సాలు.

బొమ్మ కంటే ముందు గొంతు

బొమ్మ జరంత మసకగున్నా జనం చూస్తరు. గొంతు ఇనబడకపోతే లేచిపోతరు. మన పనంత మాట మీదనే ఉన్నది. అందుకే నేను కెమెరా కంటే ముందు మైకు కొనమంట. మైకు ఎంత దగ్గరుంటే గొంతు అంత సాఫ్‌గ వస్తది. మీటర్ల గొంతు మైనస్ 12 డెసిబెల్ అటుఇటు ఆడాలె. సున్నకు తాకితే గొంతు పగులుతది. పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ అతికించలేదు.

రికార్డర్ ఉంటే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టున్రి. వీడియో ధ్వనికి అదే కొలత. గంటకు స్టీరియో 1 జీబీ చుట్టు అయితది. కెమెరా గడియారం, రికార్డర్ గడియారం ఒక్కతీరుగ నడవయి. గంట సభల పెదవులకు, మాటకు నడుమ తేడా తెలుస్తది. మొదలువెట్టేటప్పుడు ఒకసారి, ఆఖరికి ఒకసారి కెమెరా ముందట సప్పట్లు కొట్టున్రి. ఆ రెండు గుర్తులు కలిపితే తేడా ఎంతనో దొరుకుతది. ఫోన్ వీడియోతోని ఇంకో చిక్కున్నది. ఎలుగును బట్టి సెకనుకు బొమ్మల లెక్క మారుస్తది. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ల దాన్ని ఒకటే లెక్కకు తెచ్చి అప్పుడు ఎడిటింగ్‌ల పెట్టాలె. అసలు ఫైలును మాత్రం ముట్టొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 బొమ్మలు, షట్టర్ 50ల ఒక వంతు పెడితే ట్యూబ్‌లైట్ కింద మినుకు రాదు.

ఇనేటప్పుడు చెవులు మూసే హెడ్‌ఫోన్ పెట్టుకోవాలె, ఫ్యాన్ బంద్ చేయాలె. శబ్దం తీసేసే ఫిల్టర్‌ను ఎక్కువ పెడితే గొంతు డబ్బాల నుంచి వచ్చినట్టైతది, మన యాస మెత్తదనం పోతది. ఎనుక కోడి కూసినా, పిల్లలు అరిసినా ఉండనియ్యున్రి. అది ఊరు.

రెండు కాపీలు, రెండు ఇండ్లల్ల

కార్డ్ నుంచి దించినంక రెండు డిస్కుల మీద కాపీ కానిదే కార్డ్ ఖాళీ చేయొద్దు. ఒక డిస్క్ ఆఫీసుల, ఇంకొకటి వేరే ఇంట్ల. రెండూ ఒకటే సంచిల పెట్టుకొని తిరిగితే ఒకటున్నట్టే లెక్క. వాట్సప్‌ల వీడియోగ పంపితే అది కుదించి పంపుతది. డాక్యుమెంట్‌గ పంపితే 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు పోతది.

ఇంకొకటి చాన మందికి ఎరుకలేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ మొత్తాన్ని కాలుష్య నియంత్రణ మండలే వీడియో తీయించాలె. అది సర్కారు కన్ను. రేపు కొట్లాట కోర్టుకు పోతే మన కన్ను చూసింది సుత కావాలె. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలె. ఆ సర్టిఫికెట్ నమూనాల హ్యాష్ విలువ రాయాలె. హ్యాష్ అంటే ఫైలుకు ఏలిముద్ర అసుంటిది. ఫైలుల ఒక్క బిట్ మారినా అది మారిపోతది. విండోస్‌ల, లైనక్స్‌ల దాన్ని తీసే ఆదేశం ముందే ఉంటది. ఫుటేజీ దించిన్నాడే అసలు ఫైలు హ్యాష్ తీసి, తారీఖు, జాగ, తీసినోళ్ల పేరుతోని ఒక నోటుబుక్కుల రాసిపెట్టున్రి. ఎడిట్ చేసిన వీడియో జనానికి, ముట్టని అసలు ఫైలు కోర్టుకు.

పది రూపాయలుంటే

నన్నడిగితే నాలుగు కంప్యూటర్‌కు, మూడు డిస్కులకు, రెండు మైకు, హెడ్‌ఫోన్‌కు, ఒకటి యూపీఎస్‌కు పెట్టుమంట. దుకాణపాయన నవ్వుతడు. నవ్వనియ్యున్రి. మెషిన్ పాతదైతే పని ఆలస్యమైతది, అంతే. మాట పోతే మళ్ల రాదు.

మొన్న ఒక ఊర్ల ఇద్దరు ఆడపిల్లలకు కూసుండవెట్టి నేర్పిన. ఒక పెద్దమనిషి మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగిండు. ఒక పిల్ల అడిగింది, "సార్, ఇక్కడ కోయాల్నా?" అని. రెండోది తలకాయ ఊపింది: "వద్దే. ఆయన ఏడుపు ఆపుకుంటుండు. ఉండనియ్యి." అక్షరాలు సుత ఆయన అన్నట్టే రాసిన్రు.

పని అయినంక నేను ఇంకేం అడగలే. "రెండో డిస్క్ ఎవరింట్ల పెట్టిన్రు?" అని ఒక్కటే అడిగిన.