సోల తవ్వ మానికలతో కంప్యూటరు లెక్క

మలేషియా దేశపు తోటలయందును, తోటలను విడిచి పట్టణముల అంచులకు వచ్చిన పేటలయందును కాపురముండు తెలుగు తల్లిదండ్రులారా,

మన బిడ్డలు ఆరు సంవత్సరములు ప్రాథమిక పాఠశాలలో చదివి పదుమూడవ యేట 1వ ఫారములో ప్రవేశించుచున్నారు. 1వ ఫారము మొదలు 3వ ఫారము వరకు గల మూడేండ్లే వారి చదువునకు వంతెన. ఆ వంతెనను దాటిన బిడ్డ 4వ ఫారములో శాస్త్రములనైనను, వాణిజ్యమునైనను, చేతిపనినైనను తన యిచ్ఛ చొప్పున ఎన్నుకొనును. దాటలేని బిడ్డ బడికి పోవుచునే యుండును గాని లెక్కల పుస్తకమును తెరచుట మానివేయును. ఇంటివారికి ఈ సంగతి చాలకాలము తెలియదు. 3వ ఫారము చివర జరుగుచుండిన పీటీ3 పరీక్ష 2022వ సంవత్సరములో రద్దయిన పిమ్మట, బడినుండి వచ్చు మార్కుల కాగితమును తల్లిదండ్రులే శ్రద్ధగా చూడవలసిన యవసరము హెచ్చినది.

2017వ సంవత్సరమున 1వ ఫారముతో ఆరంభమైన క్రొత్త పాఠ్యక్రమములో, కంప్యూటరు శాస్త్రమునకు పునాదియగు ఆసాస్ సైన్స్ కొంపూటెర్ అను విషయము కొన్ని పాఠశాలలలో చేర్చబడినది. బిడ్డ దానినైనను, రేకా బెంతుక్ దాన్ తెక్నొలొగి అను విషయమునైనను చదువును. "మా యింట కంప్యూటరు లేదు, మాకు ఆ చదువెందుకు?" అని కొందరు తండ్రులు అడుగుచున్నారు. ఆ ప్రశ్నకే ఈ వ్రాత జవాబు.

భాష అడ్డుపడు విధము

బిడ్డ లెక్కలలో వెనుకబడుటకు బుద్ధి తక్కువగుట కారణమని తొందరపడి తలంపరాదు. మాటలే తరచు అడ్డుపడును. 2003వ సంవత్సరమున ప్రభుత్వమువారు లెక్కలను, విజ్ఞానశాస్త్రమును ఇంగ్లీషులో చెప్పింప మొదలిడిరి. 2009లో ఆ యేర్పాటును విడుచుటకు నిశ్చయించి, 2012 మొదలుకొని క్రమముగా మరల మార్చిరి. 2016 నుండి కొన్ని బడులలో రెండు భాషల పద్ధతి వచ్చెను. కావున ఒక్క కుటుంబమందే అక్క ఇంగ్లీషులో లెక్కలు నేర్చి, తమ్ముడు మలాయి భాషలో నేర్చుట సంభవించును. అరవబడిలో ఆరేండ్లు చదివి వచ్చిన బిడ్డకైతే ఫారము బడిలో ప్రతి మాటయు క్రొత్తదే. ఇంటిలో అవ్వ మాత్రము తెలుగులోనే ఒకటి, రెండు, మూడు అని లెక్కించుచుండును.

ఇందుకు మందు కలదు. మలాయి లెక్కల మాటలలో కొన్ని మన మాటలకు చుట్టములే. మలాయి వారు ఆంకా అనునది మన అంకె. వారు బహాగి అనునది మన భాగము. వారు బేజా అనునది మన భేదము. ఈ మూడును సంస్కృతమునుండి వారికిని మనకును వచ్చినవే. తక్కిన మాటలను బిడ్డ ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. పెచహాన్ అనగా భిన్నము, పెంఙాంకా అనగా లవము, పెన్యెబుత్ అనగా హారము అని దినమునకు మూడు మాటలు చొప్పున వ్రాసి, రాత్రి భోజనమైన పిమ్మట ఇంటివారికి తెలుగులో వివరింపవలెను. తాను గ్రహింపనిది ఇతరులకు చెప్పలేడు గనుక, ఎక్కడ తడబడునో అక్కడనే లోపమున్నదని తల్లి చదువురానిదైనను కనిపెట్టగలదు.

కొలతపాత్రలలోని రహస్యము

ఆసాస్ సైన్స్ కొంపూటెర్ పాఠములలో మొదట బిడ్డలను భయపెట్టునది ద్విసంఖ్యామానము. మనము సున్న మొదలు తొమ్మిది వరకు పది అంకెలతో లెక్కింపగా, కంప్యూటరు సున్న, ఒకటి అను రెండంకెలతోనే సమస్తమును లెక్కించును. దాని లోపలి మీటలకు తెరచుట, మూయుట అను రెండే స్థితులుండుట ఇందుకు కారణము. ఇది విని బిడ్డ కలవరపడును. అయితే మన పెద్దలు ఈ లెక్కను వంటింటిలోనే ఉంచుకొనిరి.

తెలుగుదేశపు పాత కొలతలను జ్ఞాపకము చేసికొనుడి. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. అనగా సోల 1 అయిన యెడల తవ్వ 2, మానిక 4, అడ్డ 8, కుంచము 16. ఒక్కొక్క పాత్రను ఒక్కసారికి మించి వాడకుండ 22 సోలల బియ్యము కొలువవలెనన్నచో ఏమి చేయుదుము? ముందు పట్టగలిగిన పెద్ద పాత్రను తీసికొందుము. కుంచము పోగా 6 మిగులును. అడ్డ 8 గనుక పట్టదు. మానిక 4 పోగా 2 మిగులును. తవ్వతో సరి. సోల అక్కరలేదు. వాడిన పాత్రకు 1 అనియు, వాడని పాత్రకు 0 అనియు పెద్దదానినుండి వరుసగా వ్రాసిన యెడల 10110 అగును. కంప్యూటరు 22ను వ్రాయు తీరు ఇదియే. ఈ అయిదు పాత్రలతో 1 మొదలు 31 వరకు ఏ కొలతనైనను కొలువవచ్చును. ఇంకొక రెట్టింపు పాత్రను చేర్చినచో 63 వరకు పోవచ్చును.

ఇంట ఆ పాత్రలు లేకున్న నేమి? అయిదు అట్టముక్కలమీద 16, 8, 4, 2, 1 అని వ్రాసి బల్లపై పరచిన చాలును. యంత్రము లేకయే కంప్యూటరు శాస్త్రమును బోధించు ఇట్టి పాఠములను న్యూజీలాండు దేశమందలి టిమ్ బెల్ అను ఆచార్యుడును ఆయన తోడివారును 1990వ దశకమునుండి కూర్చుచు వచ్చిరి. కరెంటు లేని గదిలోను ఈ పాఠము జరుగును.

గురువు, లఘువు

తెలుగు పద్యము నేర్చినవారికి మరియొక దారి కలదు. ఛందస్సులో ప్రతి అక్షరము గురువైనను లఘువైనను కావలెను, మూడవది లేదు. మూడక్షరములను కలిపిన యెడల మ, య, ర, స, త, జ, భ, న అను ఎనిమిది గణములు మాత్రమే యేర్పడును, తొమ్మిదవది పుట్టదు. ఏలయనగా రెండును రెండును రెండును హెచ్చించగా ఎనిమిదే. గురువును 0 అనియు లఘువును 1 అనియు వ్రాసిన యెడల మగణము 000, నగణము 111. ఈ వరుసలను క్రమముగా వేసి చూపు పద్ధతిని పింగళుడు తన ఛందశ్శాస్త్రములో రెండువేల యేండ్లకు పూర్వమే తెలిపెను. ఐరోపాలో లైబ్నిట్సు అను పండితుడు రెండంకెల గణితమును గూర్చిన తన వ్యాసమును 1703లో వెలువరించెను.

2వ ఫారములో వచ్చు ఎనిమిదంకెల మానము దీనికి చేరువైనదే. మూడు ద్విసంఖ్యలు కలసి ఆ మానములో ఒక్క అంకె యగును, మూడక్షరములు ఒక్క గణమైనట్లే. 3వ ఫారములోని పదునారంకెల మానమున నాలుగు కలసి ఒక్క అంకె యగును. చేతిఫోనులో మీరు చూచు తెలుగు అ అక్షరము సహితము యంత్రము లోపల ఒక సంఖ్యయే. 1991లో వెలువడిన యూనికోడు పట్టికలో తెలుగు లిపి చేర్చబడెను. అందు అకారమునకు ఇచ్చిన సంఖ్య 3077. పదునారంకెల మానములో దానిని 0సీ05 అని వ్రాయుదురు. అందు సీ అనగా 12. పన్నెండు 256లు 3072, దానికి 5 కలుపగా 3077. బిడ్డచేత ఈ లెక్క చేయించుడి. తన పేరులోని మొదటి అక్షరము యంత్రములో ఎట్లున్నదో తెలిసికొన్న బిడ్డ ఆ పాఠమును మరువడు.

లెక్కలు మన భాషకు క్రొత్తవి కావు. 11వ శతాబ్దమువాడని చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములుగా రచించెను.

చెప్పినది చేయు సేవకుడు

యంత్రమునకు పని చెప్పుటయే ఈ విద్యలో ముఖ్యమైన భాగము. 1967లో సీమూర్ పాపర్టు మొదలగువారు బిడ్డలకొరకు లోగో అను భాషను కల్పించిరి. తాబేలువంటి బొమ్మకు ముందుకు నడువుమనియు, తిరుగుమనియు ఆజ్ఞలిచ్చి బొమ్మలు గీయించుట అందలి పద్ధతి. 2007లో వెలువడిన స్క్రాచ్ అనునది దాని సంతతియే.

దీనిని వాకిటిలో ఆడింపవచ్చును. ఒక బిడ్డ తాబేలగును, రెండవ బిడ్డ ఆజ్ఞలిచ్చును. "పది అడుగులు నడువుము, కుడికి 90 డిగ్రీలు తిరుగుము" అని నాలుగుసార్లు చెప్పిన యెడల చదరము ఏర్పడును. పిమ్మట సమభుజ త్రిభుజము గీయుమనుడి. లోపలి కోణము 60 అని పుస్తకములో చదివిన బిడ్డ "60 డిగ్రీలు తిరుగుము" అనును. మూడుసార్లు నడచినను తాబేలు మొదటి చోటికి చేరదు, అది ఆరు భుజముల ఆకృతిలో సగము మాత్రమే గీయును. అప్పుడు బిడ్డ నిలిచి ఆలోచించును. నడచువాడు తిరుగవలసినది బయటి కోణము, అది 180లో 60 పోగా 120. చుట్టి వచ్చుటకు మొత్తము 360 తిరుగవలెను గనుక 360ని 3చే భాగించినను 120యే. జ్యామితి నియమమును కాళ్లతో నేర్చుట యనగా ఇదియే. యంత్రము మనము తలంచినదానిని చేయదు, చెప్పినదానినే చేయును. తప్పు ఎక్కడనో వెదకి దిద్దుకొనుట ఈ విద్యలో అవమానము కాదు, అదియే పని.

వెదకు విధమునకు సహితము ఒక క్రమము కలదు. చెక్‌రోలులో వేయి పేర్లు అక్షరక్రమమున ఉన్నవనుకొందము. మొదటినుండి చూచినచో ఒక పేరునకు వేయిసార్లు చూడవలసి రావచ్చును. నడిమి పేరును చూచి, కావలసినది పైసగములో ఉన్నదో క్రిందిసగములో ఉన్నదో తేల్చి, అట్లే సగము సగము చేసినచో పదిసార్లు చాలును. ఏలయనగా రెండును పదిసార్లు హెచ్చించగా 1024 అగును.

చెల్లని లెక్కకు చెల్లించు మూల్యము

తల్లిదండ్రులారా, ఇదంతయు ఎందుకని అడుగుదురేమో. కూలి కాగితమును తీసికొనుడి. ప్రభుత్వము నిర్ణయించిన కనిష్ఠ వేతనము, అయిదుగురును అంతకు మించియు పనివారు గల యజమానులకు 2025 ఫిబ్రవరి 1 నుండియు, తక్కినవారికి ఆగస్టు 1 నుండియు, నెలకు 1,700 రింగిట్లుగా అమలునకు వచ్చినది. నెల జీతమును 26చే భాగించగా దినమునకు 65.38 రింగిట్లు. దానిని 8చే భాగించగా గంటకు 8.17. మామూలు దినమున అదనపు గంటకు ఒకటిన్నర రెట్లు. కావున 20 అదనపు గంటలు చేసిన తండ్రికి 245 రింగిట్ల 10 సెన్లు రావలెను. ఇందు భాగహారము, దశాంశము, నిష్పత్తి తప్ప వేరేమియు లేదు. ఇవి బిడ్డ ఎరిగిన లెక్కలే. గంటలకు బదులుగా ఒక అక్షరమును వ్రాసి, ఏ నెలకైనను పనికివచ్చు సూత్రమును చేసినచో అది బీజగణితము. ఆ సూత్రమును ఫోనులోని పట్టికలో ఒకసారి వ్రాసి ప్రతి నెలయు గంటలు మాత్రము మార్చినచో అది కంప్యూటరు విద్య.

అప్పు కాగితమును సహితము చూడుడి. 3వ ఫారము లెక్కలలో పొదుపు, అప్పు, వడ్డీలను గూర్చిన పాఠము కలదు. నెలకు నూటికి 5 అనగా స్వల్పమని తోచును. వేయి రింగిట్లు అప్పు తెచ్చి, వడ్డీకి వడ్డీ కట్టు పద్ధతిని ఏడాది తీర్చకున్నచో అది 1,795 రింగిట్ల 86 సెన్లగును. 1951 నాటి వడ్డీవ్యాపారుల చట్టము ప్రకారము తాకట్టు లేని అప్పునకు ఏడాదికి నూటికి 18 మించరాదు, అనగా వేయికి 180 మాత్రమే. సంతకము చేయుటకు ముందు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన వేసి చూపగల బిడ్డ ఇంట నున్న యెడల, ఆ బిడ్డ చదువు ఆ దినముననే ఫలించినది.

తల్లిదండ్రులు చేయదగినవి

మొదటిది, లెక్కలు రాని బిడ్డను మొద్దని పిలువకుడి. ఎక్కడ నిలిచిపోయినాడో అడుగుడి. 1వ ఫారములో కష్టపడువాడు తరచు ప్రాథమిక పాఠశాలలోని భిన్నములయొద్దనే నిలిచియుండును. అక్కడనుండి మరల ఆరంభించుట సిగ్గు కాదు.

రెండవది, ఆడుబిడ్డను తమ్ములను చూచుకొనుటకై ఇంట నిలుపకుడి. యంత్రవిద్య మగవారిదని చెప్పువారి మాటను పెడచెవిని పెట్టుడి.

మూడవది, బడిలో కంప్యూటరు గది ఉన్నదో లేదో, వారమునకు ఎన్ని గంటలు బిడ్డ దానియెదుట కూర్చుండునో తల్లిదండ్రుల సభలో అడుగుడి. అడుగువారున్నచోట గది తాళము తెరవబడును.

నాలుగవది, ఇంటి లెక్కలను బిడ్డకు అప్పగింపుడి. అంగడి చీటి, కూలి కాగితము, కరెంటు బిల్లు, ఈ మూడింటిని ప్రతి నెలయు బిడ్డ కూడి సరిచూడవలెను. తేడా కనబడినచో తండ్రి మర్యాదగా వెళ్లి అడుగవలెను. తాను చేసిన కూడికను నమ్మి తండ్రి కచేరి గడప తొక్కుట చూచిన బిడ్డకు, లెక్కలు నేర్వుమని మరల చెప్పనక్కరలేదు.