జబ్బుపడ్డ పసిబిడ్డకు థైరాయిడ్ తక్కువ చూపిస్తే

పోయిన ఎపిసోడ్‌లో ఈ సంగతి గబగబా చెప్పేశా, సగమే అర్థమైందని చాలామంది అన్నారు. అందుకే నిదానంగా రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఐటీఐ చదివి టెక్సాస్‌లో సైటు చూసుకునే సూపర్‌వైజర్ని.

మా చెల్లెలి బిడ్డకు పదకొండో రోజున రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. కరీంనగర్‌లో ఐసీయూలో పెట్టారు. ఇక్కడ రాత్రి రెండింటికి వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో. "అన్నా, టీ3 తక్కువుందట. పిల్లకి జీవితాంతం గోలీలేనా?" అని ఒకటే ఏడుపు. చుట్టాల్లో ఒకాయన అప్పటికే మందు పేరు కూడా చెప్పేశాడు!

పిల్లల డాక్టరు చెప్పింది నాకు మన పనిలోంచే అర్థమైంది. సైట్లో జనరేటర్ బలం చాలకపోతే ఏం చేస్తాం? మిక్సర్ ఆపేసి, ముఖ్యమైనవాటికే కరెంటిస్తాం. పెద్ద జబ్బులో ఒళ్ళూ అంతే. థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4. దాన్ని శరీరం చురుకైన టీ3గా మార్చుకుంటుంది. సెప్సిస్, న్యుమోనియా లాంటివి వస్తే ఆ మార్పు తగ్గి, పని చేయని రివర్స్ టీ3 పెరుగుతుంది. జబ్బు మరీ ముదిరితే టీ4 కూడా పడిపోతుంది. గ్రంథిలో లోపం ఉండక్కర్లేదు. అంకె ఎంత పడితే జబ్బు అంత తీవ్రమని సాధారణంగా అనుకోవచ్చు. అయినా ఆ అంకె చూసి మాత్ర వేస్తే బిడ్డ తొందరగా కోలుకుంటుందని రుజువు కాలేదు. ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి.

కానీ పూర్తిగా నిశ్చింతగా ఉండకూడదు. చూడాల్సింది టీఎస్‌హెచ్. అది బాగా ఎక్కువుండి టీ4 తక్కువుంటే పుట్టుకతో వచ్చిన అసలు థైరాయిడ్ లోపం కావచ్చు. అప్పుడు మందు రెండు వారాల వయసులోపే మొదలవ్వాలి, లేకపోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇక్కడో చిక్కుంది. బీపీ నిలబెట్టడానికి ఎక్కించే డోపమైన్, స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. నెల తక్కువ పిల్లల్లో అది ఆలస్యంగా పెరగొచ్చు. అంటే ఒక్కసారి మామూలుగా వచ్చిందని వదిలేయకూడదు, మళ్ళీ చేయించాలి.

అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టినప్పుడే మడమ నుంచి రక్తపు చుక్క తీసి దీనికి పరీక్ష చేస్తారు. మా టెక్సాస్‌లో రెండుసార్లు: 24 నుంచి 48 గంటల్లో ఒకసారి, 7 నుంచి 14 రోజుల్లో ఇంకోసారి. పనికి సెలవు దొరకలేదని రెండోది ఎగ్గొట్టేవాళ్ళను చూశా, నాకు మండుతుంది. మన దేశంలో ఇది అన్నిచోట్లా తప్పనిసరి కాదు. హైదరాబాద్‌తో కలిపి ఐదు నగరాల్లో ఐసీఎంఆర్ చేసిన అధ్యయనంలో సుమారు 1,130 మందిలో ఒకరికి ఈ లోపం తేలింది. ఊళ్ళో కాన్పు జరిగితే ఫోన్ చేసి మీరే అడగండి, "టీఎస్‌హెచ్ చేశారా?" అని.

మా మేనకోడలికి నెల తర్వాత టీ3 మామూలుకొచ్చింది. టీఎస్‌హెచ్ కొంచెం పెరిగింది. చెల్లెలు మళ్ళీ బెదిరిపోయింది గానీ, కోలుకునేటప్పుడు కొన్నాళ్ళు అలా పెరగడం మామూలేనట. ఇంకో మూడు వారాలకు అదీ దిగింది. గోలీ వేయలేదు.