జీతం మానినవాడు దోషియా?

‘జీవితం’ అన్న మాటకు ‘జీతం’ వికృతి అని మనం చిన్నప్పుడు వ్యాకరణంలో చదువుకొన్నాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఒకప్పుడు ఈ రెండు మాటలకూ అర్థంలో కూడ భేదం ఉండేది కాదు. పెళ్లికో చావుకో దొరవద్ద అప్పు తీసుకొని, ఆ అప్పుకింద జీతం కుదిరినవాడు భాగేలా. వడ్డీ పెరిగేది, అప్పు తరిగేది కాదు. తండ్రి పోతే కొడుకు ఆ కాడి మోసేవాడు. మాని పోయినవాడు నలుగురిలో దోషి! ఈ భాగేలా ఒప్పందాలను అదుపులో పెట్టడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక నిబంధన చేసింది గాని, కాగితం మీది మాట పొలం గట్టుదాకా రావడం కష్టమయింది. చివరకు 1976లో పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసి, అలాంటి అప్పులన్నీ రద్దయినట్లేననీ, వాటి వసూలుకు దావా చెల్లదనీ తేల్చింది.

భాగేలా అన్న మాట మరుగున పడింది. “నా దగ్గర మాని ఎట్లా బతుకుతాడో చూస్తా” అనే మాట మాత్రం పోలేదు. మిర్యాలగూడ బియ్యం మిల్లులో పదేళ్లు లెక్కలు రాసిన గుమాస్తా ఒకడు మానేసి, పక్క మిల్లులో చేరాడనుకోండి. పాత యజమాని నష్టపరిహారానికి దావా వేయవచ్చునా?

న్యాయశాస్త్రం ఇక్కడ రెండు సంగతులను వేరుచేస్తుంది. ఒకటి ఒప్పందభంగం. రెండవది ‘టార్ట్’, దీనినే తెలుగులో అపకృత్యం అంటున్నాం. ఒప్పందం ఉన్నా లేకున్నా, సాటిమనిషికి అన్యాయంగా నష్టం కలిగించరాదన్న బాధ్యతను మీరడం అది. మన దేశంలో ఇది ఒకచోట కూర్చి రాసిన చట్టం కాదు, తీర్పుల ద్వారా పెరిగినది.

ఇందులో పేరుపడ్డ వ్యాజ్యం లండనుది. యోహానా వాగ్నర్ అనే గాయని లమ్లీ నాటకశాలలో పాడటానికి ఒప్పుకొన్నది. గై అనే మరో నాటకశాల యజమాని ఎక్కువ సొమ్ము ఆశచూపి ఆమెను తిప్పుకోజూశాడు. లమ్లీ గై మీద కూడ దావా వేశాడు. ఒకరి ఒప్పందాన్ని తెలిసి తెలిసి, దురుద్దేశంతో చెడగొట్టించడం అపకృత్యమేనని 1853లో న్యాయమూర్తులలో అధికులు చెప్పారు.

అయితే పద్ధతిగా నోటీసు ఇచ్చి మానిన గుమాస్తాకు పని ఇచ్చినవానికి ఈ దోషం అంటదు. “మానిన తరువాత మూడేళ్లు ఈ వ్యాపారంలో దిగను” అని రాయించుకొన్న కాగితం కూడ సాధారణంగా నిలవదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను దానికి అడ్డు. కొలువులో ఉండవలసిన గడువు మాట వేరు. మూడేళ్లు నిండకుండా మానితే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ షరతు మరోచోట పని చేయవద్దనలేదు గదా!

మరి గుమాస్తా ఎప్పుడు దోషి? మిల్లు ఖాతాలు ఎత్తుకుపోయినా, వ్యాపార రహస్యాలు పొరుగువానికి అమ్మినా, పాత యజమాని సరుకు మీద అబద్ధాలు ప్రచారం చేసినా దోషే.

యజమాని సంగతీ అంతే. కోపంకొద్దీ దొంగతనం కేసు పెట్టించి, అది కొట్టుడుపోతే గుమాస్తా ఎదురు దావా వేయవచ్చు. కేసు తనకు అనుకూలంగా ముగిసిందనీ, సరైన ఆధారం లేకుండా ద్వేషంతో పెట్టారనీ అతడు రుజువు చేయాలి. దానికి గడువు ఒక్క ఏడాదే. చాలామంది ఇది తెలియక, విడుదలయ్యాం చాలునని ఊరుకొంటారు. ఊళ్లో పోయిన పరువు మాత్రం తిరిగి రాదు.

అందువల్ల మానేనాడు తాళంచెవులు, ఖాతాలు అప్పగించి రసీదు తీసుకోవడం గుమాస్తాకు క్షేమం. రావలసిన జీతం లెక్కకట్టి చేతిలో పెట్టడం యజమానికి మర్యాద.