దుఆకు జవాబు రాని రోజుల్లో

కష్టం ఒక పరీక్ష. ఆ కష్టంలో చేసిన దుఆకు జవాబు కనిపించకపోవడం అంతకన్నా పెద్ద పరీక్ష. జబ్బు పడిన బిడ్డ కోసం తల్లి తహజ్జుద్ వేళ లేచి కన్నీరు కారుస్తుంది. పెళ్ళీడు దాటిపోతున్న కూతురి కోసం తండ్రి ప్రతి నమాజు తర్వాత చేతులెత్తుతాడు. పెళ్ళయి పదేళ్ళయినా ఒడి నిండని కోడలు ప్రతి రమజానులోనూ అదే మాట అల్లాహ్‌కు విన్నవించుకుంటుంది. నెలలు గడుస్తాయి, ఏళ్ళు గడుస్తాయి. అప్పుడు మనసులో ఒక ప్రశ్న మొలుస్తుంది. అల్లాహ్ నా మొర ఆలకిస్తున్నాడా, లేక నన్ను వదిలేశాడా?

ఈ ప్రశ్న ఒక ఎత్తయితే, చుట్టుపక్కలవాళ్ళ మాటలు మరో ఎత్తు. 'ఏ పాపం చేశారో, దుఆ కబూలు కావడం లేదు' అని పరామర్శకు వచ్చిన చుట్టమే అనేసి పోతుంది. విన్నవాళ్ళకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అసలు కష్టం కన్నా ఈ మాటే ఎక్కువ కాలం బాధిస్తుంది.

ఇలాంటి మాట మొదట ఎవరు అన్నారో, ఎవరిని ఉద్దేశించి అన్నారో తెలిస్తే మళ్ళీ ఆ మాట అనడానికి మనకు నోరు రాదు.

ఆగిపోయిన దైవవాణి

క్రీ.శ. 610లో హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (స)పై తొలి దైవవాణి అవతరించింది. అప్పుడు ఆయన వయసు 40 ఏళ్ళు. ఆ తర్వాత కొంతకాలం వహీ ఆగిపోయింది. ఎన్నాళ్ళు ఆగిందన్న విషయంలో పండితుల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. కానీ ఆ విరామం దైవప్రవక్త (స)ను ఎంతో కలవరపెట్టిందన్నది అందరూ చెప్పే మాట. తర్వాత ముద్దస్సిర్ సూరా తొలి ఆయతులతో వహీ మళ్ళీ మొదలయింది.

మక్కా తొలి రోజుల్లోనే మరోసారి ఇలాంటి విరామం వచ్చింది. హజ్రత్ జుందుబ్ (రజి) ఉల్లేఖనాన్ని ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. దైవప్రవక్త (స)కు ఒంట్లో బాగాలేక రెండు మూడు రాత్రులు తహజ్జుద్‌కు లేవలేకపోయారు. అది గమనించిన ఒక స్త్రీ వచ్చి, నీ దగ్గరకు వచ్చే షైతాను నిన్ను వదిలేసినట్టున్నాడే అని ఎగతాళి చేసింది. ఆమె అబూలహబ్ భార్య ఉమ్మె జమీల్ అని వ్యాఖ్యాతలు చెబుతారు. ఇతర ఉల్లేఖనాల ప్రకారం ముహమ్మద్‌ను ఆయన ప్రభువు విడిచిపెట్టాడని, ఆయన మీద కోపగించుకున్నాడని మక్కా అవిశ్వాసులు ప్రచారం చేశారు.

'నిన్ను దేవుడు వదిలేశాడు' అన్న మాట పుట్టింది అక్కడ. ఆ మాటకు జవాబుగా అజ్ జుహా సూరా అవతరించింది. 11 చిన్న చిన్న ఆయతులున్న సూరా అది. మన పిల్లలు మక్తబ్‌లో చేరిన కొద్ది రోజులకే దాన్ని కంఠస్థం చేస్తారు.

ఆ సూరా రెండు ప్రమాణాలతో మొదలవుతుంది. ఒకటి పొద్దెక్కిన వేళ వెలుగు మీద, రెండోది అంతటా సద్దుమణిగిన రాత్రి మీద. ఇందులో ఎంతో అర్థముంది. పగలు ఎవరి ఏర్పాటో, రాత్రి కూడా ఆయన ఏర్పాటే. రాత్రి వచ్చిందంటే సూర్యుడు అలిగి వెళ్ళిపోయాడని ఎవరూ అనుకోరు. దైవవాణి వినిపించిన వేళ ఎలాంటిదో, వినిపించని వేళ కూడా అలాంటిదే. రెండూ ఆయన చేతిలోనివే.

ఆ తర్వాతే అసలు ఊరట వస్తుంది. నీ ప్రభువు నిన్ను విడిచిపెట్టనూ లేదు, నీపై ఆగ్రహించనూ లేదు అన్న భావంతో ఆ ఎగతాళికి అల్లాహ్ తెర దించాడు. గమనించవలసిన విషయం ఒకటుంది. విరామం ఎందుకు వచ్చిందో ఆ సూరాలో ఎక్కడా వివరణ లేదు. కారణానికి బదులు అల్లాహ్ గతాన్ని గుర్తుచేశాడు. అనాథగా ఉన్నప్పుడు ఆశ్రయం ఇవ్వలేదా? మార్గం తెలియనప్పుడు మార్గం చూపలేదా? పేదరికంలో ఉన్నప్పుడు కలిమి ప్రసాదించలేదా?

చివరి మూడు ఆయతులు ఆదేశాలు. అనాథ పట్ల కఠినంగా ప్రవర్తించవద్దు. అడిగేవాణ్ణి కసరవద్దు. నీ ప్రభువు అనుగ్రహాన్ని చాటిచెప్పు. జవాబు కోసం ఎదురుచూడటంలోని బాధ ఏమిటో తెలిసిన హృదయానికే, తన గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నవాడి బాధ అర్థమవుతుంది కదా!

ఆయిషా (రజి) గారి నెల రోజులు

రెండో సంఘటన మదీనాలో జరిగింది. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగి వస్తుండగా విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) తన హారం పోగొట్టుకున్నారు. దాన్ని వెతకడానికి వెళ్ళినప్పుడు, ఆమె లోపలే ఉన్నారనుకుని ఒంటె మీది పల్లకీ ఎత్తి బిడారు సాగిపోయింది. వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ (రజి) ఆమెను తన ఒంటెపై ఎక్కించి, తాను నడుస్తూ మదీనా వారితో కలిపారు. అంతే. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబై ఆ చిన్న సంఘటనను పెద్ద అపనిందగా మార్చాడు.

దాదాపు నెల రోజులు ఈ విషయంలో దైవప్రవక్త (స)పై ఏ వహీ రాలేదు. లోకానికి అల్లాహ్ సందేశం వినిపించే ఇంట్లోనే నిశ్శబ్దం! విషయం తెలిశాక ఆయిషా (రజి) పుట్టింటికి వెళ్ళి రెండు రాత్రులు, ఒక పగలు కంటికి కునుకు లేకుండా ఏడ్చారు. ఆ సమయంలో ఒక అన్సారీ స్త్రీ అనుమతి అడిగి లోపలికి వచ్చింది. ఆమె ఏ సలహా ఇచ్చినట్టూ, ఏ ప్రశ్న వేసినట్టూ ఉల్లేఖనంలో లేదు. పక్కన కూర్చుని తాను కూడా ఏడ్చింది. ఆమె పేరు కూడా ఉల్లేఖనంలో లేదు. అయినా ఆ ఓదార్పును ఆయిషా (రజి) మరచిపోలేదు. తన కథ చెప్పినప్పుడు ఆమెను తలచుకున్నారు.

తర్వాత దైవప్రవక్త (స) వచ్చి విషయం అడిగినప్పుడు ఆయిషా (రజి) తన నిర్దోషిత్వం అల్లాహ్‌కు తెలుసన్నారు. యూసుఫ్ తండ్రి అన్న మాటే తానూ అంటానని, చక్కని సహనమే తన దారి అని చెప్పారు. ఆ క్షణంలో హజ్రత్ యాఖూబ్ (అలై) పేరు ఎంత వెతికినా గుర్తుకు రాలేదట! దుఃఖం పేరునైతే మరపించింది గానీ, అల్లాహ్ మీది నమ్మకాన్ని చెరపలేకపోయింది.

ఎవరూ ఆ ఇల్లు దాటకముందే వహీ వచ్చింది. అన్ నూర్ సూరాలోని ఆయతులు ఆమె నిర్దోషి అని ప్రళయదినం వరకూ సాక్ష్యమిస్తున్నాయి. తన గురించి ఖుర్ఆన్ అవతరిస్తుందని ఆమె ఊహించనే లేదు. దైవప్రవక్త (స)కు ఒక కల వస్తే చాలనుకున్నారు. అడిగింది కల, దొరికింది దివ్యగ్రంథం.

అక్కడితో విషయం ముగియలేదు. ఈ అపనిందలో నోరు కలిపినవారిలో మిస్తహ్ అనే పేద బంధువు ఉన్నారు. ఆయన ఖర్చులు భరిస్తున్నది ఆయిషా (రజి) తండ్రి హజ్రత్ అబూబక్ర్ (రజి). ఇక పైసా ఇవ్వనని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. అదే సూరా 22వ ఆయతు దిగివచ్చి, కలిమి ఉన్నవారు బంధువులకు, పేదలకు ఇవ్వబోమని ఒట్టు పెట్టుకోరాదని, క్షమించాలని బోధించింది. అబూబక్ర్ (రజి) ఆ సాయాన్ని మళ్ళీ కొనసాగించారు. ఇక్కడ కూడా నిశ్శబ్దం వీడిన వెంటనే వచ్చిన ఆదేశం, అవసరంలో ఉన్నవాడికి చేయి అందించమనే!

తప్పు చేసినా తలుపు మూయలేదు

'వాళ్ళు పుణ్యాత్ములు, మాలాంటి పాపుల సంగతేమిటి?' అని కొందరు అడగవచ్చు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) కథ వారి కోసమే. హిజ్రీ 9వ ఏట, క్రీ.శ. 630లో తబూక్ ప్రయాణానికి ఆయన ఏ కారణమూ లేకుండానే వెళ్ళలేదు. దైవప్రవక్త (స) తిరిగి వచ్చాక చాలామంది సాకులు చెప్పి తప్పించుకున్నారు. కఅబ్ (రజి) మాత్రం అబద్ధమాడలేదు. అల్లాహ్ తీర్పు వచ్చేవరకు ఆయనతోనూ, మరో ఇద్దరితోనూ ఎవరూ మాట్లాడరాదని ఆదేశమయింది.

50 రోజులు! ఆయన రోజూ మస్జిదుకు వెళ్ళేవారు. దైవప్రవక్త (స)కు సలాం చేసి, జవాబుగా ఆయన పెదవులు కదిలాయా లేదా అని చూసేవారు. పినతండ్రి కొడుకు అబూఖతాదా (రజి) తోటగోడ ఎక్కి సలాం చేస్తే జవాబు రాలేదు. నేను అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తానని నీకు తెలియదా అని మూడుసార్లు అడిగితే, అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకే బాగా తెలుసు అన్న ఒక్క మాట వచ్చింది. కఅబ్ (రజి) కళ్ళనీళ్ళతో వెనుదిరిగారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గస్సాన్ రాజు నుంచి ఉత్తరం వచ్చింది. నీ మనుషులు నిన్ను చిన్నచూపు చూశారట, మా దగ్గరకు రా, ఆదరిస్తాం అని దాని సారాంశం. ఇది కూడా ఒక పరీక్షేనని కఅబ్ (రజి) ఆ ఉత్తరాన్ని పొయ్యిలో వేసి కాల్చేశారు. 50వ రాత్రి గడిచిన ఉదయం ఆయన తన ఇంటి కప్పు మీద ఫజ్ర్ నమాజు ముగించి కూర్చుని ఉండగా, సల్అ కొండ మీదినుంచి ఒక గొంతు శుభవార్త వినిపించింది. ఆయన పశ్చాత్తాపాన్ని అల్లాహ్ స్వీకరించాడు. శుభవార్త తెచ్చిన వ్యక్తికి కఅబ్ (రజి) తన ఒంటి మీది బట్టలు ఇచ్చేసి, తాను బట్టలు అరువు తెచ్చుకుని కట్టుకున్నారు. యావదాస్తి దానం చేస్తానంటే, కొంత ఉంచుకోమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు.

ఇక్కడ నిశ్శబ్దానికి కారణం తప్పే. అయినా అది ఆయనను తరిమేయడానికి కాదు, కడిగి తిరిగి తీసుకోవడానికి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కఅబ్ (రజి) విషయంలో తప్పు ఉందని వహీ ద్వారా, ఆయన సొంత ఒప్పుకోలు ద్వారా తెలిసింది. ఈనాడు పొరుగింటివారి కష్టం చూసి 'పాప ఫలితం' అని తీర్పు చెప్పడానికి మనకు వహీ రాదు. అలా అనేవారు తెలియకుండానే ఉమ్మె జమీల్ మాటను మళ్ళీ పలుకుతున్నారు.

ఎదురుచూపు అందరిదీ

ప్రార్థనలో ఎదురయ్యే ఈ నిశ్శబ్దం ముస్లింలకు మాత్రమే తెలిసినది కాదు. కలకత్తాలో దిక్కులేనివారికి సేవ చేసిన మదర్ థెరిసా 1997లో కన్నుమూశారు. ఆమె ఉత్తరాలు 2007లో పుస్తకంగా వెలువడినప్పుడు క్రైస్తవలోకం ఆశ్చర్యపోయింది. ప్రార్థనలో దేవుని సన్నిధి తనకు తెలియడం లేదని, లోపల అంతా చీకటేనని ఆమె దశాబ్దాల పాటు తన గురువులకు రాసుకున్నారు. ఆ ఏళ్ళలో ఆమె ప్రార్థన మానలేదు, గుమ్మంలోకి వచ్చిన రోగిని పొమ్మనలేదు. మన విశ్వాసాలు వేరు కావచ్చు. కానీ చీకటిలోనూ చేతిలోని పని ఆపకపోవడం ఎవరిలో ఉన్నా గౌరవించదగ్గదే.

మనం చేయవలసింది

దుఆ విషయంలో తొందరపడేవరకు, అంటే అడిగాను గానీ నాకు ఇవ్వలేదని నిరాశపడి మానుకునేవరకు, దాసుని దుఆ స్వీకరించబడుతూనే ఉంటుందని దైవప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది. ముస్నద్ అహ్మద్‌లోని మరో హదీసు ప్రకారం పాపం లేని, బంధుత్వాలను తెంచని దుఆకు మూడింటిలో ఒక ఫలితం తప్పదు. అడిగింది ఇక్కడే దొరుకుతుంది, లేదా పరలోకానికి నిల్వ ఉంటుంది, లేదా అంతటి కీడు తొలగిపోతుంది. ఆ మూడో రకం మన కంటికి కనిపించేది కాదు. రాకుండా పోయిన ఆపదను ఎవరు లెక్కపెట్టగలరు?

ఇస్తిఖారా చేసి కల రాలేదని బెంగపడేవారు చాలామంది ఉన్నారు. ఇస్తిఖారా నేర్పిన హదీసులో కల ప్రస్తావనే లేదు. రెండు రకాతులు చదివి, దుఆ చేసి, తెలిసినవారిని సంప్రదించి, అల్లాహ్‌పై భారం వేసి ముందడుగు వేయడమే. రోగికి దుఆతో పాటు వైద్యం చేయించాలి. ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధ మనకు ఉండనే ఉంది.

ఏడుపు రావడం కూడా అసహనం కాదు. యాఖూబ్ (అలై) ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నారు. కానీ తన మొర అల్లాహ్‌తోనే చెప్పుకున్నారు. జాగ్రత్త పడవలసింది గస్సాన్ ఉత్తరాల విషయంలో. వారంలో పని జరిపిస్తానని, చేతబడి తీయిస్తానని వేలకు వేలు గుంజే నకిలీ బాబాలు ఎప్పుడూ మనిషి ఆశ సన్నగిల్లిన వేళకే వస్తారు. ఆ కాగితాల స్థానం పొయ్యిలోనే.

ఇక ఎదురుచూస్తున్నవారి పక్కన ఉన్న మనకు ఒకే పని. ఆ పేరు తెలియని అన్సారీ స్త్రీలా వెళ్ళి కూర్చోవడం. కారణాలు వెతకకపోవడం, లెక్కలు తీయకపోవడం.

ఈ రోజు జుమా. మస్జిదు మెట్ల దగ్గర చేతులు చాచినవారు ఉంటారు. మన దుఆకు జవాబు ఎప్పుడొస్తుందో మనకు తెలియదు. వారి దుఆకు జవాబు మాత్రం కాసేపు మన జేబులోనే ఉంటుంది. అడిగేవాణ్ణి కసరవద్దన్న ఆదేశం గుర్తుంచుకుని ఆ మెట్లు దిగుదాం. ఎదురుచూస్తున్న ప్రతి హృదయానికీ అల్లాహ్ చక్కని సహనాన్ని, ఆ వెనుక పొద్దెక్కిన వేళ వెలుగును ప్రసాదించుగాక! ఆమీన్.