మెడలో రూపాయల పేరు: హాలి సిక్కాలో తేడాలు ఎట్లా గుర్తుపట్టాలి?

నేను ఆసిఫాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. ఇంట్లో పాత వెండి రూపాయి ఏదైనా ఉంటే ఒకటి చేతిలో పట్టుకుని ఈ ఎపిసోడ్ వినండి, బాగా అర్థమైతది.

మా దిక్కు ఊళ్లల్లో, గూడేల్లో పెద్దవాళ్ల మెడలో రూపాయల పేరు ఇప్పటికీ కనబడుతుంది. విత్తనాలకో, దవాఖాన ఖర్చుకో పైసలు కావాల్సి వచ్చిన రోజు ఆ పేరు షాపుకు పోతుంది. అక్కడ తరాజు మీద పెట్టి, అన్నీ ఒకే వెండి అన్నట్టు లెక్కగడతారు. కానీ ఆ పేరులో ఉన్నవన్నీ ఒకటే రకం కాదు. అమ్మినా, దాచుకున్నా సరే, ముందు ఏది ఏమిటో మనకు తెలియాలి. ఈరోజు అదే చెప్తాను.

మొదటి తేడా వెండిది. నిజాం రూపాయిని హాలి సిక్కా అనేవాళ్లు, బ్రిటిష్ వాళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లు. చార్మినార్ ఉన్నది హాలి, రాజు లేదా రాణి బొమ్మ ఉన్నది కల్దార్. హాలి బరువు 11.18 గ్రాములు, వెయ్యి పాళ్లలో 818 పాళ్లు వెండి. అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి 917 పాళ్లు. అంటే 10.69 గ్రాములు. ఆ కాలంలో 7 హాలి రూపాయలకు 6 కల్దార్ రూపాయలు మారకం నడిచేది. వెండి లెక్క చూసినా దాదాపు అంతే వస్తుంది చూడండి. పేరులో 20 కల్దార్లు ఉంటే, వాటిని హాలి లెక్కన తీసుకుంటే మనకు 31 గ్రాముల వెండి పోయినట్టే. ఇంకో మాట, కల్దార్ మీద 1940 నుంచి 1945 దాకా ఏ సంవత్సరం ఉన్నా అందులో వెండి సగమే, 1947 ఉంటే అది నికెల్, వెండి అసలే లేదు. అందుకే తూకానికి ముందే వీటిని మూడు కుప్పలుగా వేరు చేయాలి.

ఇప్పుడు చార్మినార్ రూపాయిలోకి వద్దాం. ఈ చార్మినార్ అచ్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1903 ప్రాంతంలో వచ్చింది. అంతకు ముందు నాణేలు ఎక్కువగా చేత్తో సుత్తె కొట్టి వేసినవి. సైఫాబాద్ టంకశాలలో యంత్రాలు వచ్చాక ఇట్లా గుండ్రంగా, ఒకే తీరుగా రావడం మొదలైంది. బొమ్మ చుట్టూ ఉన్న రాతలో ఆసఫ్ జాహ్ అనే బిరుదు ఉంటుంది. మన ఆసిఫాబాద్ పేరు కూడా ఆ బిరుదు నుంచి వచ్చిందే.

చార్మినార్ నడిమి కమాను దగ్గర ఒక చిన్న అక్షరం ఉంటుంది. భూతద్దంతో చూడండి. చిన్న సున్నా చుట్టి కిందికి తోక లాగినట్టు ఉంటే అది 'మీమ్', మహబూబ్ పేరులో మొదటి అక్షరం. ఇంగ్లిష్ సీ ఆకారం కనబడితే అది 'ఐన్', ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. ఈ ఐన్‌లో మళ్లీ రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో పైన తల మాత్రమే ఉంటుంది, దాన్ని పొట్టి ఐన్ అంటాం. రెండోదాంట్లో ఆ తల కింద పెద్ద వంపు కూడా ఉండి, తిరగేసిన 3 అంకెలా కనబడుతుంది. అది నిండు ఐన్.

సంవత్సరం హిజ్రీలో, అరబీ అంకెల్లో ఉంటుంది. అందులో సున్నా అంటే ఒక చుక్క, ఏడు ఇంగ్లిష్ వీ లాగా, ఎనిమిది తలకిందులైన వీ లాగా ఉంటాయి. నాణెం మీద 92 అని కనబడితే సంవత్సరం అనుకోకండి. అది మహమ్మద్ ప్రవక్త పేరుకు అక్షరాల లెక్కన వచ్చే అంకె.

మూడు హిజ్రీ సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి, 1329, 1330, 1361. హిజ్రీ 1329 అంటే మన 1911. ఆ ఏడు ఆగస్టులో మహబూబ్ పోయారు, ఉస్మాన్ గద్దెనెక్కారు. కాబట్టి సంవత్సరం ఒక్కటే అయినా కొన్నిటి మీద మీమ్, కొన్నిటి మీద ఐన్ ఉంటుంది. 1330లో పొట్టి ఐన్ వేశారు, నిండు ఐన్ కూడా వేశారు. ఆ తర్వాత నిండుదే నడిచింది. ఇక 1361 అణాల సంగతి. అది 1942, యుద్ధకాలం. నలుపలకల అణా అప్పటిదాకా నికెల్ కలిపిన తెల్ల లోహంతో వచ్చేది, ఆ ఏడు నుంచి కంచుతో ఎర్రగా వచ్చింది. 1361 అణా తెల్లది ఉంటుంది, ఎర్రది ఉంటుంది. రెండూ అసలువే.

ఇక్కడ ఒక సూత్రం చెప్తాను. టంకశాలలో పుట్టిన తేడానే రకం. బయటికి వచ్చాక వచ్చిన తేడా అరుగుడు, లేదా దెబ్బ. నిండు ఐన్ కింద వంపు అరిగిపోతే పొట్టి ఐన్ లాగానే కనబడుతుంది. అందుకే సంవత్సరం కలిపి చూడాలి. 1330 తర్వాతి రూపాయిలో పొట్టి ఐన్ కనబడితే సంబరపడకండి, అది అరిగిందే అయి ఉంటుంది.

రంగుకూ ఇదే సూత్రం. వెండి రూపాయి నల్లబడటం గాలి వల్ల వచ్చిన మార్పు, వేరే రకం కాదు. పసుపు పచ్చగా ఉంటే ఎవరో బంగారు పూత పూయించినట్టు. అరిగిన అంచు దగ్గర రాగి ఎర్రగా బయటపడి, మిగతాది తెల్లగా ఉంటే అనుమానించండి, అది పూత వేసిన నకిలీ కావచ్చు. అయస్కాంతానికి అంటుకుంటే అసలు వెండి కానే కాదు.

కల్దార్‌లో కూడా ఒక ప్రసిద్ధమైన రకం ఉంది. 1911 నాటి ఐదో జార్జి రూపాయిలో రాజు అంగీ మీద ఏనుగు బొమ్మ వేస్తే, అది జనానికి పందిలా కనబడింది. గొడవయ్యింది. 1912లో అచ్చు మార్చి తొండం స్పష్టంగా చేశారు. పేరులో 1911 కనబడితే దాన్ని పక్కన పెట్టండి.

చివరగా మూడు మాటలు. ఒకటి, చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమకండి. సేకరించేవాళ్లకు ఆ పాత పొరే కావాలి. రెండు, కొండీకి టంకం పెట్టిన రూపాయికి సేకరణ ధర బాగా తగ్గుతుంది, దాన్ని ఊడబీకితే మచ్చ పడి ఇంకా తగ్గుతుంది. ఉన్నది ఉన్నట్టే ఉంచండి. మూడు, పాత నాణేనికి లక్షలిస్తామని, ముందు కమీషన్ కట్టమని ఫోన్లు వస్తాయి. రిజర్వ్ బ్యాంకు తాను అట్లాంటి కొనుగోళ్లు చేయదని, కమీషన్ అడగదని 2021లోనే చెప్పింది. ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఎక్కువ రూపాయలకు వెండి ధరకు దగ్గరి ధరే వస్తుంది, అది నిజం. కానీ ఏది ఎంత వెండో, ఏది ఏ రకమో ఒక కాగితం మీద రాసుకుని షాపుకు పోతే, ఆ తరాజు ముందు మీరు అడిగే తీరే వేరేగా ఉంటుంది. వచ్చే ఎపిసోడ్‌లో చిల్లర పైసల గురించి మాట్లాడుకుందాం.