ఫైనల్ ఏ గ్రౌండ్‌లో?

బడి పిల్లల ఫుట్‌బాల్ పోటీల్లో ఎవరు గెలిచారో మర్నాడు పేపర్లో చదువుతాం. ఫైనల్ అక్కడే ఎందుకు పెట్టారని అడిగేవాళ్లు తక్కువ. ఆ ఒక్క నిర్ణయం మీద పిల్లల ప్రయాణం, నిద్ర, ఆట తీరు, గ్యాలరీలో కూర్చునే అమ్మానాన్నల సంఖ్య అన్నీ ఆధారపడతాయి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మొదలుపెట్టి టోక్యో దాకా, ఫైనల్ వేదికల వింతలు, విశేషాలు కొన్ని ఇవి.

64 సైట్లు కలిస్తే ఒక గ్రౌండ్

అంతర్జాతీయ మ్యాచ్‌లకు వాడే ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. అంటే 7,140 చదరపు మీటర్లు, సుమారు ఎకరంముప్పావు. బెంగళూరు లెక్కలో చెప్పాలంటే 30x40 అడుగుల సైట్లు 64 కలిపితే ఒక్క మైదానం. గీత బయట వదలాల్సిన జాగా, గ్యాలరీ, బట్టలు మార్చుకునే గదులు ఇందులో లేవు. హోసూరు రోడ్డు, సర్జాపూర్ రోడ్డు పేర్లు కలిపి పెట్టుకున్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. ఇక్కడి పిల్లలు ఎక్కువగా ఆడేది వల కట్టిన చిన్న టర్ఫ్‌ల మీద, గంటకింత అద్దె కట్టి, జట్టుకు అయిదారుగురు చొప్పున. పదకొండు మంది ఆట ఫైనల్‌కు మాత్రం వాళ్లు లేఅవుట్ దాటి వెళ్లాల్సిందే.

ఆసియాలోకెల్లా పాత టోర్నీ, మూడు ఊళ్లు

1888లో సిమ్లాలో పుట్టిన డ్యూరాండ్ కప్ ఆసియాలోనే అతి పాత ఫుట్‌బాల్ టోర్నీ. 1940లో అది ఢిల్లీకి దిగింది. 2019లో కోల్‌కతాకు తరలింది. కొండ మీది ఊళ్లో సైనికుల వినోదంగా మొదలైన పోటీ, చివరికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఊరికి చేరింది.

బడి పిల్లల డ్యూరాండ్

మన దేశంలో స్కూలు ఫుట్‌బాల్‌కు పెద్ద పండగ సుబ్రతో కప్. వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేరిట 1960లో మొదలైంది. దాని ఫైనల్ అనగానే గుర్తొచ్చేది ఢిల్లీ గేట్ దగ్గరి అంబేద్కర్ స్టేడియం. 2015 అక్టోబరులో అక్కడ జరిగిన ఫైనల్‌కు సాక్షాత్తూ పెలే అతిథిగా వచ్చాడు. స్కూలు పిల్లల మ్యాచ్‌కు అంతటి ఆటగాడు రావడం మన దగ్గర మళ్లీ చూడని విశేషం. ఇటీవలి ఏళ్లలో సబ్ జూనియర్ బాలుర పోటీలను బెంగళూరులో నిర్వహిస్తున్నారు. పిల్లలందరినీ ఢిల్లీకే రప్పించకుండా పోటీయే దక్షిణానికి రావడం మంచి మార్పు. పెలేకు విగ్రహం పెట్టుకున్న పేట కూడా ఈ ఊళ్లోనే ఉంది. హలసూరు పక్కన గౌతమ్‌పురలో ఫుట్‌బాల్ ఆడని ఇల్లు అరుదు.

సొంత గడ్డ కలిసిరాని ఫైనల్

బెంగళూరులో ఫైనల్ అంటే ముందు వరసలో ఉండేవి రెండు వేదికలు. అశోక్‌నగర్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో పరిచింది కృత్రిమ పచ్చిక. వాన పడినా బురద కాదు, ఒకే రోజు మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడించినా తట్టుకుంటుంది. స్కూలు పోటీలకు ఇంతకన్నా పెద్ద సౌకర్యం లేదు. కంఠీరవ స్టేడియం పెద్దది, పేరున్నది. అయితే మైదానం చుట్టూ పరుగుల ట్రాక్ ఉండటంతో ప్రేక్షకుడు ఆటకు కొంత దూరమవుతాడు. 2018 మార్చి 17న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్ ఇక్కడే జరిగింది. ముందు కోల్‌కతాకు అనుకున్న మ్యాచ్ అది. సొంత ఊళ్లో, సొంత జనం ముందు ఆడిన బెంగళూరు ఎఫ్‌సీ 2-3తో చెన్నయిన్ చేతిలో ఓడింది. అయిదేళ్ల తర్వాత, 2023 జూలై 4న, అదే గడ్డ మీద భారత జట్టు పెనాల్టీ షూటౌట్‌లో కువైట్‌ను ఓడించి తొమ్మిదోసారి శాఫ్ కప్ అందుకుంది.

సముద్రం దాటిన సంతోష్ ట్రోఫీ

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 2023లో తొలిసారి దేశం దాటింది. సెమీఫైనల్స్, ఫైనల్ సౌదీ అరేబియాలోని రియాద్‌లో పెట్టారు. మార్చి 4న మేఘాలయ మీద 3-2తో కర్ణాటక గెలిచింది. మైసూరు పేరుతో 1968-69లో గెలిచాక ఈ రాష్ట్రానికి మళ్లీ కప్ దక్కడానికి 54 ఏళ్లు పట్టింది. అంతకాలం ఎదురుచూసిన బెంగళూరు అభిమానుల్లో చాలామంది ఆ విజయాన్ని తెర మీదే చూడాల్సి వచ్చింది.

ఏడాది చివరి రోజున హైదరాబాద్‌లో

2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు గచ్చిబౌలి వేదిక అయింది. కేరళపై 1-0తో గెలిచి బెంగాల్ తన 33వ టైటిల్ పట్టుకెళ్లింది. ఈ పోటీలో అంత పెద్ద రికార్డు మరే రాష్ట్రానికీ లేదు. ఫుట్‌బాల్ హైదరాబాద్‌కు కొత్త కాదు. కోచ్ రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టు హైదరాబాద్‌దే. అలాంటి ఊరికి పెద్ద ఫైనల్ రావడం ఎంతో సంతోషం.

వాన మార్చిన వేదిక

2017లో అండర్-17 ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. ఇంగ్లండ్, బ్రెజిల్ సెమీఫైనల్ గువాహటిలో జరగాలి. కుండపోత వానకు మైదానం పాడైపోతే, రెండే రోజుల ముందు మ్యాచ్‌ను కోల్‌కతాకు మార్చారు. అంత తక్కువ వ్యవధిలోనూ 63 వేలమందికి పైగా వచ్చి కూర్చున్నారు. వేదిక ఎంచుకునేటప్పుడు రెండో గ్రౌండ్ కూడా సిద్ధంగా ఉంచుకోవాలని ఈ ఒక్క సంఘటన చాలు చెప్పడానికి.

6 కోట్ల డాలర్ల స్కూలు స్టేడియం

అమెరికాలో డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు అలెన్ పట్టణం బాగా తెలుసు. అక్కడి హైస్కూల్ 2012లో 18 వేల సీట్లతో స్టేడియం కట్టుకుంది. ఖర్చు 6 కోట్ల డాలర్లు. ఆట మాత్రం చేత్తో బంతి పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. 2013 డిసెంబరులో అలెన్ జట్టు ఆడిన టెక్సస్ రాష్ట్ర ఫైనల్‌ను ఆర్లింగ్టన్‌లోని ప్రొఫెషనల్ జట్టు స్టేడియంలో పెడితే 54,347 మంది వచ్చారు. మరుసటి ఏడాది అలెన్ స్టేడియం కాంక్రీటు పగుళ్లిచ్చి మూతపడింది. సొంత గ్రౌండ్ లేకుండానే ఆ సీజన్ మొత్తం ఆడి, 2014లోనూ ఆ పిల్లలే చాంపియన్లయ్యారు.

అతి పెద్ద జనం

1937లో షికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో రెండు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు నగర టైటిల్ కోసం తలపడ్డాయి. వచ్చినవాళ్లు లక్షా ఇరవై వేలమందని అంచనా. స్కూలు మ్యాచ్‌కు అంత జనం రావడం ఇప్పటికీ వింతగానే చెప్పుకుంటారు.

పిల్లలు కలగనే గడ్డ

జపాన్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్‌కు వందేళ్లు దాటాయి. ఒసాకా ప్రాంతంలో మొదలై 1970లలో రాజధాని వైపు వచ్చింది. టోక్యో నేషనల్ స్టేడియంలో ఫైనల్ ఆడటం అక్కడి ప్రతి స్కూలు ఆటగాడి కల. ఒలింపిక్స్ కోసం పాత స్టేడియం కూల్చి కొత్తది కట్టిన కాలంలో ఫైనల్ సైతామాలో జరిగింది. ఒలింపిక్స్ ముగిశాక మళ్లీ టోక్యోకే తెచ్చారు. 2025 జనవరి ఫైనల్‌కు 58 వేలమందికి పైగా వచ్చారు. వేదికను ఏటా మార్చకుండా ఒకచోట నిలబెడితే ఆ చోటికే ఒక గౌరవం వస్తుంది. అక్కడికి చేరడమే పిల్లలకు లక్ష్యమవుతుంది.

మరి మన పిల్లల ఫైనల్?

సీట్ల లెక్క చూసి వేదిక ఎంచుకోవడం తేలిక. పిల్లల వైపు నుంచి చూస్తే అడగాల్సినవి వేరు. బంతి సమంగా దొర్లే నేల ఉందా? ఆడపిల్లలకు శుభ్రమైన గదులు, మరుగుదొడ్లు ఉన్నాయా? అంబులెన్స్ గేటు దాకా రాగలదా? బయటి జిల్లా జట్టు ముందు రోజే వచ్చి పడుకోవడానికి చోటుందా? అమ్మానాన్నలు ఆఫీసు అయ్యాక చేరుకోగలరా?

చివరి ప్రశ్నకు హెచ్‌ఎస్‌ఆర్ వాళ్లకు ఇప్పుడు కొంత మంచి జవాబే ఉంది. 2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో మొదలైంది. సిల్క్ బోర్డులో ఎక్కి, ఆర్‌వీ రోడ్డులో, మెజెస్టిక్‌లో రైలు మారితే ఎంజీ రోడ్డు చేరొచ్చు. ఫుట్‌బాల్ స్టేడియం అక్కడికి దగ్గరే. సాయంత్రం వేళ, ఉచిత ప్రవేశంతో, ఏటా అదే స్టేడియంలో నగర స్కూళ్ల ఫైనల్ పెడితే చూడటానికి జనం వస్తారు. దాంతోపాటు ప్రతి లేఅవుట్‌కూ పదకొండు మంది ఆడే గ్రౌండ్ ఒక్కటైనా కావాలి. కొత్త లేఅవుట్ గీసేటప్పుడే 64 సైట్ల జాగా పిల్లల ఆటకని విడిచిపెట్టాలి. ఆ అడుగు వేసిన నగరానికి మంచి ఆటగాళ్ల కొరత ఉండదు.