పరుగు వచ్చినవాడికి విసురు ఎందుకు రాలేదు?

మన సంఘం విందుల్లో క్రికెట్ గురించి మాట్లాడేవారికి కొదవ లేదు. అమెరికన్ ఫుట్‌బాల్ మాట వచ్చేసరికి మాత్రం పిల్లలు టీవీ వైపూ, పెద్దలు పులిహోర గిన్నె వైపూ జరుగుతారు. కాని శరత్కాలపు శనివారాల్లో ఈ మిషిగన్ రాష్ట్రంలో ఉంటూ ఆ ఆట ఊసు లేకుండా కాలం గడపడం కష్టం. కనుక ఈ నెల, వైద్యులమైన మమ్మల్ని బాగా ఆలోచింపజేసిన ఒక ఆటగాడి చిక్కు గురించి వ్రాయదలచాము.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోగలిగితే మళ్ళీ నాలుగు. బంతి సాధారణంగా ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అతడు దాన్ని పక్కవాడికి అందించవచ్చు, దూరంగా పరిగెత్తే రిసీవర్‌కు విసరవచ్చు, లేదా తానే చంకన పెట్టుకొని పరిగెత్తవచ్చు. విసిరిన బంతిని ఎదుటి పక్షం పట్టుకుంటే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. బంతి వాళ్ళ పాలవుతుంది. కొండంత మనుషులు మీదికి ఉరికి వస్తుండగా, రెండు మూడు సెకన్లలో వీటిలో ఏది చేయాలో తేల్చుకోవాలి. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడి అవస్థే, కాకపోతే ఇక్కడ చేతిలో బంతి కూడా ఉంటుంది.

మేము చెప్పబోయే ఆటగాడు డెనార్డ్ రాబిన్సన్. ఫ్లోరిడాలోని డీర్‌ఫీల్డ్ బీచ్ నుంచి 2009లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బూట్ల తాళ్ళు కట్టుకోడు. అందుకని 'షూలేస్' అని ముద్దుపేరు. కాలేజీ ఆటలో మొట్టమొదటిసారి బంతి చేతికి రాగానే 43 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 2010లో 1,702 గజాలు పరిగెత్తాడు. ఒక సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్ పరుగుల్లో అది ఆనాటికి రికార్డు. ఆ ఏడు నోటర్‌డేమ్ మీద పరుగుతో 258 గజాలు, విసురుతో 244 గజాలు సాధించి, 28-24తో గెలిపించాడు.

ఇక అసలు చిక్కు. 2010లో అతడు విసిరిన బంతుల్లో నూటికి 62.5 రిసీవర్లకు చేరాయి. 2011లో అది 55కు దిగింది, ఇంటర్‌సెప్షన్లు 11 నుంచి 15కు పెరిగాయి. 2012లో 53కు వచ్చింది. చదువు ముదిరేకొద్దీ మార్కులు తగ్గిన విద్యార్థిలాగా! మనుషులు అంతే గదా, వెంటనే తీర్పు చెప్పేశారు: "వీడికి చేయి లేదు, కాళ్ళే ఉన్నాయి."

చేతి సంగతి కాస్త చూద్దాము. బంతి విసరడం చేతితో మొదలవదు. వెనుక పాదం నేలకు ఆని, ముందు పాదం రిసీవర్ వైపు అడుగువేసి, నడుము తిరిగి, ఆ తర్వాత భుజం, చివరికి మోచేయి, మణికట్టు. చాకిరేవులో బట్ట ఉతికేవారి దెబ్బ గుర్తు చేసుకోండి, బలమంతా కింది నుంచి పైకి వస్తుంది. ఆ ముందు అడుగు వేయకుండా వెనక్కి వాలి వెనుక పాదం మీదే విసిరితే, బంతి రిసీవర్ తల మీదుగా పోతుంది. రాబిన్సన్ తప్పిన బంతుల్లో చాలా వాటికి ఇదే కారణం. పాత ఆటలు తిరిగి చూసే సదుపాయం ఉన్నవారు అతడి చేయి కాక పాదాలు చూడండి. మనుషులు మీదికి వస్తున్నారనగానే ఆ పాదాలు పరుగుకు సిద్ధమవుతాయి. చిన్ననాటి నుంచి అతణ్ణి కాపాడింది ఆ కదలికే. విసరడానికి అడ్డు వచ్చిందీ అదే. కళ్ళు కూడా అంతే. దూరాన ఉన్న రిసీవర్‌ను వెతకవలసిన కళ్ళు దగ్గరి సందు కోసం వెతుకుతాయి.

మరి 2010లో ఎలా కుదిరింది? అప్పటి కోచ్ రిచ్ రాడ్రిగెజ్ పద్ధతి వేరు. రాబిన్సన్ రెండడుగులు పరుగుకన్నట్టు వేసేవాడు. ఎదుటి పక్షం వెనుక కాపలావాళ్ళు హడలిపోయి ముందుకు ఉరికేవారు. వాళ్ళ వెనుక ఒంటరిగా నిలిచిన రిసీవర్‌కు అతడు బంతి వేసేవాడు. అంటే కాళ్ళ భయం చేతికి దారి చేసిపెట్టేది. 2011 జనవరిలో రాడ్రిగెజ్‌ను తీసివేశారు. బ్రేడీ హోక్ వచ్చాడు, దాడి ఏర్పాట్లు చూసే అల్ బోర్జెస్ వచ్చాడు. ఆయన అలవాటు దూరపు పాసుల ఆట. పాత పద్ధతిని పూర్తిగా మానలేదు గాని, రాబిన్సన్‌కు కొత్త అడుగులు నేర్చుకోక తప్పలేదు. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో పడ్డవారికి ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

అలాగని 2011 చెడ్డ ఏడు కాదు. జట్టు 13 ఆటల్లో 11 గెలిచింది. ఆ సెప్టెంబరులో మిషిగన్ స్టేడియంలో మొదటిసారి రాత్రి ఆట పెట్టారు. 1,14,804 మంది వచ్చారు. నోటర్‌డేమ్ మీద రాబిన్సన్ 24 బంతులు విసిరితే 11 మాత్రమే చేరాయి, మూడు ఎదుటివాళ్ళకు పోయాయి. కాని ఆ పదకొండే 338 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు! చాలావరకు గాలిలోకి వదిలిన బంతులు, పైకెగిరి అందుకున్న రిసీవర్ల చలవ. రెండు సెకన్లు మిగిలి ఉండగా 35-31తో గెలిచారు. మరుసటి ఏడు అదే నోటర్‌డేమ్ మీద, మొదటి సగంలోనే వరుసగా నాలుగు బంతులు ఎదుటివాళ్ళ చేతుల్లో పెట్టాడు. 13-6తో ఓడారు.

ఇక్కడ "అయితే అతణ్ణి పరుగుకే పరిమితం చేయక, క్వార్టర్‌బ్యాక్‌గా ఎందుకు ఉంచారు?" అని మన మిత్రులు అడుగుతారు. ఈ మాట వెనుక ఈ దేశంలో పెద్ద చరిత్ర ఉంది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లను "మంచి అథ్లెట్" అని మెచ్చుకుంటూనే వేరే స్థానాలకు నెట్టడం చాలాకాలం సాగింది. వారెన్ మూన్‌ను 1978లో ఏ జట్టూ ఎంచుకోలేదు. కెనడా వెళ్ళి పేరు తెచ్చుకొని తిరిగివచ్చి, 2006లో హాల్ ఆఫ్ ఫేమ్ చేరాడు. లామార్ జాక్సన్‌ది రాబిన్సన్ ఊరి పక్క ఊరే, పాంపనో బీచ్. లూయీవిల్‌లో 2016లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన ఏడాది కూడా అతడి పాసుల్లో నూటికి 56 మాత్రమే చేరాయి. 2018లో "రిసీవర్‌గా మారితే మంచిది" అని సలహా ఇచ్చిన పెద్దమనుషులున్నారు. బాల్టిమోర్ జట్టు మాత్రం అతడికి తగిన ఆటను అతడి చుట్టూ అల్లింది. 2019లో నూటికి 66 చేరాయి, ఆ ఏటి ఉత్తమ ఆటగాడయ్యాడు. రాబిన్సన్‌కూ అలాగే జరిగేదని మేము అనడం లేదు. అందరికీ అంత విసురు రాదు. కాని ఉన్నంతలో దాన్ని వాడుకోవడం ఒక విద్య, రాదని తీసిపారేయడం ఇంకొకటి.

రెండో దారి ఎలా ఉంటుందో 2012 అక్టోబరు 27న నెబ్రాస్కాలో తెలిసివచ్చింది. ఆ రాత్రి అతడి కుడి మోచేతి అల్నార్ నరానికి దెబ్బ. మోచేయి గుమ్మానికి తగిలితే చిటికెనవేలి దాకా జిల్లుమంటుంది చూడండి, ఆ నరమే. గుంటూరులో అనాటమీ చదివే రోజుల్లో ఈ నరం గురించి మేము రాత్రంతా వల్లెవేసినవాళ్ళమే. చిటికెనవేలికి, ఉంగరపువేలిలో సగానికి స్పర్శ దీనివల్లే. వేళ్ళను విడదీసే, దగ్గరకు చేర్చే చిన్న కండరాలు దీని చెప్పుచేతల్లోవే. సుమారు 400 గ్రాముల కోలబంతిని వేళ్ళు చాచి అదిమి పట్టాలంటే అవి పనిచేయాలి. భుజం ఎంత బలంగా ఉన్నా లాభం లేదు. ఆ ఆట 23-9తో పోయింది. అతడు ముందు విసిరిన చెడ్డ బంతులకు ఈ నరాన్ని సాకుగా చెప్పడం మాత్రం న్యాయం కాదు.

నవంబరులో తిరిగి వచ్చాడు, విసరడానికి కాదు, పరిగెత్తడానికే. విమర్శకులు కోరిందీ అదే గదా! నవంబరు 24న ఒహైయో స్టేట్ మీద మొదటి సగంలో 67 గజాల పరుగుతో టచ్‌డౌన్ చేశాడు. మిషిగన్ 21-20 ఆధిక్యంలో ఉంది. రెండో సగంలో అతడు మైదానంలోకి వచ్చినప్పుడల్లా ఎదుటి పక్షం అంతా ముందుకు జరిగి నిలిచింది. విసరలేడని వాళ్ళకు తెలుసు, వెనుక కాపలా కాయనక్కరలేదు. నూటికి 53 మాత్రమే చేరే ఆ చేయి, అంతకాలం ఆ కాళ్ళకు దారి తెరిచి ఉంచింది. రెండో సగంలో మిషిగన్‌కు ఒక్క పాయింటూ రాలేదు. 26-21తో ఓడారు.